నాచుపల్లి బస్సెక్కే పిల్లలకు

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే మా ఇంటి అరుగు ఖాళీగా ఉండదు. కోరుట్ల నుంచి, మెట్‌పల్లి నుంచి, అటు సిరిసిల్ల నుంచి ఎవరో ఒకరు పిల్లనో పిల్లగాణ్నో వెంటబెట్టుకుని వస్తారు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి "సారుకు తెలుస్తది" అని నమ్మకం. తండ్రులు అడిగేది ఒకటే: "ఏ బ్రాంచి తీసుకొమ్మంటరు సార్?" సీటు వచ్చాక నాలుగేండ్లు ఎట్లా చదవాలన్నది ఎవరూ అడగరు. వాళ్లు అడగని దానికే ఇక్కడ జవాబు రాస్తున్నాను.

మా కాలంలో ఈ ప్రాంతపు పిల్లవాడు బీటెక్ చదవాలంటే 1959లో పెట్టిన వరంగల్ ఆర్ఈసీకి పోవాలి, లేదంటే హైదరాబాద్‌లో ఉస్మానియాకో జేఎన్‌టీయూకో పోవాలి. ఇప్పుడు 2007లో వచ్చిన జేఎన్‌టీయూ జగిత్యాల కాలేజీ కొండగట్టు పక్కన నాచుపల్లిలో ఉంది. సిరిసిల్లలో 2021లో ఇంకోటి వచ్చింది. విశ్వవిద్యాలయం ఇంటి దగ్గరికే వచ్చింది. చదువు మాత్రం దానంతట అది దగ్గరికి రాలేదు.

1. ర్యాంకు సంగతి కౌన్సెలింగ్‌తోనే అయిపోయింది.

ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటల టైం. లెక్కలకు 80, ఫిజిక్స్‌కు 40, కెమిస్ట్రీకి 40. ప్రశ్నకు నిమిషం పైచిలుకు. నాలుగు ఆప్షన్లలో మూడింటిని చకచకా కొట్టేయగలిగినవాడికి మంచి ర్యాంకు వస్తుంది. ఇంటర్ రెండేండ్లూ చెయ్యి దానికే అలవాటు పడుతుంది.

జేఎన్‌టీయూ పేపరు తీరు వేరు. ఆర్22 రెగ్యులేషన్‌లో సబ్జెక్టుకు 40 మార్కులు ఇంటర్నల్స్, 60 మార్కులు సెమిస్టర్ పరీక్ష. ఆ 60లో పది మార్కులకు చిన్న ప్రశ్నలు, మిగిలిన 50కి ఐదు యూనిట్ల నుంచి ఐదు పెద్ద ప్రశ్నలు. ఇది కాకపోతే అది అన్న ఛాయిస్ యూనిట్ లోపలే ఉంటుంది, యూనిట్ మొత్తం వదిలేస్తే పది మార్కులు పోయినట్టే. ఇక్కడ ఆప్షన్లు ఉండవు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ మెట్టు తరువాత ఏ మెట్టో అంతా మీరే రాయాలి. మంచి ర్యాంకుతో వచ్చిన పిల్లలు మొదటి సెమిస్టర్ మ్యాథ్స్‌లో ఫెయిలవుతుంటే తల్లిదండ్రులు నోరెళ్లబెడతారు. తెలివి ఎటూ పోలేదు. చేతికి పొడుగు లెక్క రాసే అలవాటు లేదు, అంతే.

దీనికి మందు ఒకటే. రోజుకొక లెక్క, మొదటి నుంచి చివరి దాకా, సొల్యూషన్ చూడకుండా తెల్లకాగితం మీద రాయాలి. బి.ఎస్. గ్రేవాల్ పుస్తకంలో చేసి చూపించిన లెక్కను చదివి "అర్థమైంది" అనుకోవడం అందరూ చేసేదే. పుస్తకం మూసి అదే లెక్క చేయమంటే మూడో లైనులో ఆగిపోతారు. ఆగిపోయిన ఆ లైను దగ్గరే మీకు రానిది ఏమిటో తెలుస్తుంది.

2. ఫస్టియర్లో బ్రాంచి అనేది లేదు.

సీఎస్‌ఈ పిల్లవాడు "నాకు డ్రాయింగ్ ఎందుకు" అంటాడు, మెకానికల్ పిల్ల "నాకు సీ ప్రోగ్రామింగ్ ఎందుకు" అంటుంది. మొదటి ఏడాది సబ్జెక్టులు ఎవరికీ నచ్చవు. అన్నీ ఇంటర్‌కు కొనసాగింపులాగా కనిపిస్తాయి. నచ్చకపోయినా ఫర్వాలేదు, పాసైతే చాలు. సెమిస్టర్ పరీక్షలో 60కి కనీసం 21, ఇంటర్నల్స్‌తో కలిపి 100కు 40 రావాలి. అదేమంత పెద్ద గోడ కాదు. ఫస్టియర్లో మిగిలిపోయిన బ్యాక్‌లాగ్ మాత్రం అక్కడే ఆగదు. థర్డియర్ మిడ్స్ నడుస్తున్న వారంలోనే ఆ సప్లీ వచ్చి పడుతుంది. అప్పటికి ఆ పాఠం మరిచిపోయి ఉంటారు, చెప్పిన సారు బదిలీ అయ్యుంటాడు. డిగ్రీకి 160 క్రెడిట్లు కావాలి, అందులో ఒక్కటి తగ్గినా క్యాంపస్‌కు వచ్చిన కంపెనీ ముందు నిలబడలేరు.

అటెండెన్స్ 75 శాతం. 65 దాకా ఉంటే ఫీజు కట్టి, కారణం చూపించి కండోనేషన్ అడగొచ్చు. అది జ్వరమొచ్చినప్పటి కోసం పెట్టిన వెసులుబాటు, పెండ్లిళ్ల సీజన్ కోసం కాదు.

3. సిరిసిల్ల పిల్లలకు థియరీ ఆఫ్ మెషిన్స్ ల్యాబు ఇంట్లోనే ఉంది.

ఈ మాట ఎన్ని బ్యాచులకు చెప్పానో. సాంచాల (మరమగ్గాల) చప్పుడులో పుట్టి పెరిగిన పిల్లలు క్రాంక్, కామ్, ఫోర్-బార్ మెకానిజం అనగానే ఎస్.ఎస్. రత్తన్ పుస్తకంలో బొమ్మ బట్టీ పడతారు. నాయన నడిపే సాంచాలో ఆ మూడూ తిరుగుతూనే ఉంటాయని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఒకసారి సాంచా ఆపించి చూడండి. పైన క్రాంక్ షాఫ్ట్, కింద ఇంకో షాఫ్ట్. పై షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే కింది షాఫ్ట్ ఒక్క చుట్టే తిరుగుతుంది. ఎందుకు? క్రాంక్ ఒక్కో చుట్టుకు స్లే ఒకసారి ముందుకొచ్చి పేకను గుద్దుతుంది, అంటే చుట్టుకొక పిక్కు. నాడె (షటిల్) ఒక పిక్కుకు కుడి నుంచి ఎడమకు పోతే, తరువాతి పిక్కుకు ఎడమ నుంచి కుడికి రావాలి. కుడివైపు తన్నే కామ్ రెండు పిక్కులకు ఒకసారి తన్నితే చాలు, ఎడమది కూడా అంతే. సాదా నేతలో పడుగు దారాలు పైకి ఒకసారి, కిందికి ఒకసారి పోవడానికీ రెండు పిక్కులే పడతాయి. అందుకే కింది షాఫ్ట్ వేగం సగం. గేరు పండ్లు లెక్కపెడితే ఇది కండ్లముందే రుజువవుతుంది. పరీక్షలో వెలాసిటీ రేషియో మీద ప్రశ్న వస్తే ఇక బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. సాంచా నిమిషానికి 140 పిక్కులు వేస్తుందనుకోండి, బట్టలో అంగుళానికి 40 పిక్కులు. గంటకు 8,400 పిక్కులు, 40తో భాగిస్తే 210 అంగుళాలు, అంటే 5.33 మీటర్లు. పన్నెండు గంటల షిఫ్టుకు 64 మీటర్లు. షిఫ్టు అయ్యాక బట్ట కొలిస్తే అంత ఉండదు. కండె అయిపోతుంది, దారం తెగుతుంది, కరెంటు పోతుంది. 45 మీటర్లే వచ్చిందంటే సాంచా ఎఫిషియెన్సీ 70 శాతం. మిగిలిన 30 ఎటు పోయిందో వెతకడమే ప్రొడక్షన్ ఇంజనీరింగ్. కార్మికుడికి కూలి కట్టేది పిక్కుల లెక్కనే కాబట్టి ఆ 30 శాతం ఎవరి కడుపు మీద పడుతుందో కూడా తెలిసిపోతుంది.

సన్నకారు నేత కుటుంబం నుంచి వచ్చిన చింతకింది మల్లేశం ఆసు పోసే యంత్రం తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన బడి చదువు ఆరో తరగతితో ఆగింది. ఇంజనీరింగ్ చదవకుండానే చేశాడు కదా అని కొందరు పిల్లలు నాతో వాదిస్తారు. నిజమే, కానీ ఆయనకు ఏండ్లకేండ్లు పట్టింది. కామ్ ప్రొఫైల్ గీయడం తెలిసినవాడికి అన్ని ఏండ్లు పట్టనవసరం లేదు. డిగ్రీ ఉపయోగం అక్కడుంది.

4. అంకె కనబడితే నోటి లెక్కన సరిచూసుకోవాలి.

కొండగట్టు నుంచి ఎంతో దూరం లేదు, రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో భూమి లోపల గాయత్రి పంప్‌హౌస్ ఉంది. కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టులో భాగంగా 2019లో నడవడం మొదలైంది. 7 పంపులు, ఒక్కో మోటారు 139 మెగావాట్లు. పత్రికల్లో ఆ అంకె చదివి అబ్బో అనుకుని వదిలేస్తాం. ఇంజనీరింగ్ పిల్లలు అక్కడ ఆగకూడదు.

ఒక్కో పంపు 3,000 క్యూసెక్కులు ఎత్తుతుందనుకుందాం, ఎత్తు 111 మీటర్లు. క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28.3 లీటర్లు, కాబట్టి 3,000 అంటే సెకనుకు 85 ఘనమీటర్లు. దాన్ని 1,000తో, 9.81తో, 111తో గుణిస్తే సుమారు 92 మెగావాట్లు వస్తుంది. మరి మోటారు 139 ఎందుకు? పంపు, మోటారు నూటికి నూరు శాతం పనిచేయవు, పైపుల్లో రాపిడి ఉంటుంది, అసలు నీరు 3,000కు కొంత పైనే ఎత్తుతుంది, కింది జలాశయంలో మట్టం తగ్గితే ఎత్తాల్సిన ఎత్తు పెరుగుతుంది. ఏది ఎంత తింటుందో ఫ్లూయిడ్ మెకానిక్స్ సారును అడగండి. సారుకు కూడా సంతోషంగా ఉంటుంది, సిలబస్ బయట ప్రశ్నలు ఆయనకు ఎన్నడోగాని రావు.

అదే ప్రాజెక్టులో మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు 2023 అక్టోబరులో కుంగాయి. కేంద్రం నుంచి వచ్చిన ఆనకట్టల భద్రతా నిపుణులు పునాది కింది ఇసుక కొట్టుకుపోవడం గురించి రాశారు. సాయిల్ మెకానిక్స్‌లో సీపేజీ, పైపింగ్ అని ఒక అధ్యాయం ఉంటుంది. "ఇంపార్టెంట్ కాదు" అని సీనియర్లు కొట్టేసి ఇచ్చే అధ్యాయమే అది.

కొండగట్టు ఘాట్ రోడ్డు మీద 2018 సెప్టెంబరు 11, మంగళవారం, ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. నాచుపల్లి చుట్టుపక్కల ఊర్లవాళ్లే ఎక్కువ. బస్సులో సీట్లకు మించి జనం. వాలు, బరువు, బ్రేకు మీద పడే వేడి ఇవన్నీ ఫస్టియర్ మెకానిక్స్‌లోనే ఉన్నాయి. ఆ ఊరి కాలేజీలో చదివే పిల్లలు ఫ్రిక్షన్ లెక్కను ఐదు మార్కుల ప్రశ్నగా చూస్తుంటే నాకు నచ్చదు.

5. తెలుగు మీడియం అని సిగ్గుపడొద్దు, దాన్ని సాకు కూడా చేసుకోవద్దు.

అర్థం చేసుకోవడం తెలుగులోనే చేసుకోండి, ఎవరు వద్దన్నారు? హాస్టల్ రూంలో ఒకరికొకరు మన భాషలో చెప్పుకుంటే బెర్నూలీ సూత్రం కూడా పది నిమిషాల్లో తలకెక్కుతుంది. రాసేటప్పుడు మాత్రం చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలు రాయండి. ఒక వాక్యం, ఒక బొమ్మ, ఒక సమీకరణం. దిద్దే సారు వెతికేది అవే.

ఆల్-ఇన్-వన్ గైడు పరీక్షకు ముందు రాత్రి పనికొస్తుంది, కాదనను. సెమిస్టర్ మొదట్లోనే అది కొంటే ఇక అసలు పుస్తకం ముట్టుకోరు. డ్రాయింగ్‌కు ఎన్.డి. భట్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌కు బన్సల్, ఎలక్ట్రికల్‌కు తెరాజా లైబ్రరీలో దొరుకుతాయి. అవి తేలిక ఇంగ్లిష్‌లో ఉన్న పుస్తకాలు. ఐఐటీ ప్రొఫెసర్ల ఎన్‌పీటెల్ పాఠాలు ఫోన్‌లో ఉచితం. వేగం తగ్గించుకుని రెండుసార్లు వింటే ఆ యాస అలవాటవుతుంది.

6. డిప్లొమా నుంచి వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా.

నా మనసు వీళ్ల దగ్గరే ఉంటుంది. పదో తరగతి కాగానే పాలిసెట్ రాసి, పాలిటెక్నిక్ మూడేండ్లు చదివి, ఈసెట్‌తో నేరుగా సెకండియర్లో అడుగుపెట్టిన పిల్లలు. వీళ్లలో బీడీలు చుట్టే తల్లుల బిడ్డలు ఎక్కువ, సాంచాల మీద నిలబడే తండ్రుల కొడుకులు ఎక్కువ. లేత్ మీద చెయ్యి పడితే ఇంటర్ పిల్లల కంటే ఎన్నో రెట్లు మేలు. మ్యాథ్స్‌లోనే దెబ్బ తింటారు. మిగతావాళ్లు ఫస్టియర్లో చదివిన కాలిక్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ వీళ్లు ఆ లోతులో చూసి ఉండరు. సెకండియర్ సారేమో అందరికీ తెలుసనుకుని బోర్డు మీద రాసుకుంటూ పోతాడు.

ఈసెట్ సీటు ఖాయమైన రోజు నుంచి క్లాసులు మొదలయ్యే దాకా ఉండే సెలవుల్లో ఫస్టియర్ మ్యాథ్స్ రెండు పుస్తకాలూ తెచ్చుకుని కూర్చోండి. మాట్రిక్స్, పార్షియల్ డిఫరెన్షియేషన్, మొదటి, రెండో ఆర్డర్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చాలు. 120 క్రెడిట్లతోనే మీకు డిగ్రీ వస్తుంది, కానీ ఆ 120 మోసేది మొదటి 40లోని లెక్కలే.

ఇంకోటి: ఇంటర్ పిల్లలు మిమ్మల్ని "లేటరల్" అంటారు. అననివ్వండి. ల్యాబులో వాళ్లే మీ చుట్టూ తిరుగుతారు.

7. ప్రాజెక్టు కొనకండి.

హైదరాబాద్‌లో కొన్ని చోట్ల డబ్బు కడితే రిపోర్టు, పీపీటీ, ప్రోగ్రాం అన్నీ సంచిలో పెట్టి ఇస్తారు. వైవాలో మొదటి ప్రశ్నకే పట్టుబడతారు, లేదా పట్టుబడకుండా బయటపడి ఇంటర్వ్యూలో పట్టుబడతారు.

ఇక్కడ పని లేదా? సిరిసిల్లలో సెస్ ఉంది. వాడకందారులే సభ్యులై, పాలకవర్గాన్ని ఓట్లేసి ఎన్నుకునే కరెంటు సహకార సంఘం. 1970 నుంచి నడుస్తోంది, దేశంలో మొట్టమొదట పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి. ఈఈఈ పిల్లలు ఒక సాంచాల షెడ్డు తీసుకుని, మోటార్ల పవర్ ఫ్యాక్టర్ కొలిచి, కెపాసిటర్ పెడితే బిల్లులో, లైను నష్టంలో ఎంత తేడా వస్తుందో చూడొచ్చు. మెట్‌పల్లి వైపు పసుపు ఉడకబెట్టే కడాయిల్లో ఎంత కట్టె వేడిగా మారుతోంది, ఎంత పొగగా పోతోంది అన్నది మెకానికల్ వాళ్లకు బంగారం లాంటి ప్రశ్న. సీఎస్‌ఈ వాళ్లకైతే సాంచాలున్న ఆసాముల దగ్గర ఇప్పటికీ నోటుబుక్కుల్లో నడిచే పిక్కుల కూలి లెక్క ఉంది. కోరుట్ల రైస్‌మిల్లులో డ్రయ్యర్ ఉంది. లోపలికి రానివ్వరేమో అని భయపడకండి. "కాలేజీ పిల్లలం, కొలిచి లెక్క చెప్తం" అంటే చాయ్ ఇచ్చి మరీ చూపిస్తారు.

8. డబ్బు కాగితాలు నాయన మీద వదిలేయకండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 నుంచి ఉంది. బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు 10,000 లోపుంటే ఫీజు మొత్తం వస్తుంది, దాటితే 35,000 దాకే. మిగతాది ఇంటి మీద పడుతుంది. కాలేజీ ఎంచుకునేటప్పుడు ఆ తేడాను నాలుగుతో గుణించి చూడండి. ఆదాయం సర్టిఫికెట్ మీసేవలో ముందే తీసిపెట్టుకోండి, ఈపాస్‌లో రెన్యువల్ ప్రతి ఏడూ మీరే చేసుకోండి. ప్రభుత్వం బకాయి పెడితే కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపి పిల్లలను తిప్పుతాయి. నా దగ్గర చదివిన ఒక అమ్మాయికి ఉద్యోగం వచ్చి మెమోలు చేతికి రాక చేరే తేదీ దాటిపోయింది. ముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. అమ్మకు బీడీ కార్డు ఉంటే కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ వేరే ఉంది, జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. దాని గురించి మన దగ్గర చాలామందికి తెలియదు.

9. గల్ఫ్ ఆలోచన ఉంటే ఇప్పుడే చూసుకోండి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో గల్ఫ్ పోని ఇల్లు వెతకాలి. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక అటు దారి ఇంకా పెరిగింది. తండ్రి కూలీగా పోయిన దేశానికి కొడుకు ఇంజనీరుగా పోవాలన్నది ఇక్కడి ఇండ్లలో పెద్ద కోరిక, అందులో తప్పేం లేదు. కానీ 2018లో కువైట్ ఒక నిబంధన తెచ్చింది. ఇంజనీరు హోదాలో అకామా (నివాస అనుమతి) రెన్యువల్ కావాలంటే అక్కడి ఇంజనీర్ల సొసైటీ ఒప్పుకోవాలి, ఆ సొసైటీ మన ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) గుర్తింపు ఉందా అని అడిగింది. ఏండ్ల తరబడి పనిచేస్తున్న మనవాళ్లు ఎంతోమంది ఆ ఒక్క కాగితం దగ్గర ఆగిపోయారు. వాళ్లు చదివిన రోజుల్లో ఆ కోర్సుకు ఎన్‌బీఏ లేదు, ఇప్పుడు వెనక్కిపోయి తెచ్చుకునే దారీ లేదు.

ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీ మొత్తానికి కాదు, బ్రాంచికి ఇస్తారు, అదీ కొన్నేండ్ల గడువుతో. కాలేజీ బోర్డు మీద ఎన్‌బీఏ అని పెద్దక్షరాలతో ఉన్నా అది సీఎస్‌ఈకి ఉండి మెకానికల్‌కు లేకపోవచ్చు. భారత్ 2014లో వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది కూడా ఈ ఎన్‌బీఏ ద్వారానే. పై చదువులకు, విదేశీ లైసెన్సులకు అది అక్కరకొస్తుంది.

డిగ్రీ అయ్యాక ప్రొవిజనల్‌తో సరిపెట్టుకోకుండా ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), కన్సాలిడేటెడ్ మెమో వెంటనే తీసుకోండి. దుబాయికైతే రాష్ట్రంలో అటెస్టేషన్, విదేశాంగ శాఖ ముద్ర, ఆ పైన ఎంబసీ ముద్ర, వరుసగా మూడూ కావాలి. వీసా వచ్చాక పరుగెత్తితే ఏజెంటు అడిగినంత ఇవ్వాల్సి వస్తుంది.

ఈ ఏడు వెబ్ ఆప్షన్లు పెట్టే తల్లిదండ్రులకు ఒక మాట. లిస్టు ఫ్రీజ్ చేసే ముందు రాత్రి ఎన్‌బీఏ వెబ్‌సైటు తెరిచి, మీరు పెట్టిన ప్రతి కాలేజీకి, ప్రతి బ్రాంచికి గుర్తింపు ఏ ఏడాది దాకా ఉందో మీ పిల్లల చేతనే చూపించుకోండి.